ఆ గేర్‌బాక్స్ చెడగొట్టింది ఉస్తాద్ కాదు

ఉస్తాద్ పోయాడన్న కబురు నాకు బోధన్ చెరుకు యార్డులో, లారీల వరుసలో ఉండగా తెలిసింది. నిజామాబాద్ నుంచి ఖాళీగా వస్తున్న లారీ ఒకటి మా పక్కన ఆగింది. డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టి, "నీకెర్కనా? గేర్‌బాక్స్ ఉస్తాద్ పోయిండు. పొద్దుగాల చాయ్ తాక్కుంట కూసున్నడంట. గంతే," అన్నాడు.

ముందు వరుస కదిలింది. నేను కదలలేదు. వెనక లారీవాడు రెండుసార్లు హారన్ కొట్టి, మూడోసారి తిట్టడానికి దిగి వచ్చాడు. సంగతి విన్నాక మెడలో రుమాలు తీసి చేతిలో పట్టుకుని, "గా ఉస్తాదా? బోధన్ రోడ్డు షెడ్డు ఉస్తాదా?" అని అడిగాడు. అవునన్నాను. వాడు నా బండి తలుపుకు ఆనుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ పూట యార్డులో నిలిచిన లారీల్లో సగం ఆయన చేతిలో పడి లేచినవే. ఏ బండికి ఏ పన్ను అరిగిందో, ఏ డ్రైవర్‌ది ఏ కాలు బరువో ఆయనకు తెలుసు.

ఆయనకు ఇంట్లో పెట్టిన పేరు ఒకటి ఉంది. మాకు దానితో ఎన్నడూ పని పడలేదు. ఉస్తాద్ అంటే ఆయనే.

ఈ కాగితం చదువుతున్న మీలో చాలామంది, మూడు సీజన్ల కింద నిజామాబాద్ లారీ అడ్డాలో పంచిన ఒక కరపత్రం కూడా చదివి ఉంటారు. ఒక గేర్‌బాక్స్ మిస్త్రీ కాంట్రాక్టర్ల పైసలు తిని, చిన్న రైతుల చెరుకు మోసే బండిని కావాలని చెడగొట్టాడని అందులో ఉంది. పేరు రాయలేదు గానీ ఎవరన్నది పసిపిల్లలకు కూడా తెలిసేటట్టు రాసి ఉంది. అది రాసింది నేను. అందులో ఉన్నది అబద్ధం. ఈ రెండు వాక్యాలు రాయడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఆయన బతికుండగా రాయలేకపోయాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. డిగ్రీ మధ్యలో వదిలేసి లారీ నడుపుతున్నాను. కరపత్రం కనిపిస్తే చాలు, మిర్చి బజ్జీల పొట్లంగా వచ్చినా విప్పి, నూనె మరకల కిందున్న అక్షరాలు కూడా చదివేవాణ్ని. లోకంలో ఏది ఎందుకు చెడిపోయిందో నాకు తెలుసని గట్టి నమ్మకం. ఎవరైనా "జెర ఆగు" అంటే వాడు అవతలి పక్షం వాడే అనుకునేవాణ్ని.

ఆ ఏడు వానలు వెనకబడి కురిశాయి. మంజీర ఒడ్డు ఊళ్లన్నీ నల్లరేగడి. చెరుకు నరికే పొద్దుకు కూడా పొలాల్లో బురద ఆరలేదు. కాంట్రాక్టర్లు తమ లారీలు పొలంలోకి దిగవన్నారు. రోడ్డు దాకా మోసుకొస్తేనే ఎత్తుకుంటామన్నారు. బండ్లూ ఎడ్లూ ఉన్నవాళ్లు మోసుకున్నారు. కౌలుకు చేసేవాళ్లకు అవెక్కడివి? చెరుకు నరికిన రోజు నుంచీ ఎండుతుంది, ఎండినకొద్దీ తూకం తగ్గుతుంది. ఫ్యాక్టరీ ఇచ్చిన కటింగ్ పర్మిట్‌కు తారీఖు ఉంటుంది. అది దాటితే మళ్లీ వరుసలో చివర నిలబడాలి. ఏడాది కష్టం కళ్లముందే చొప్ప అయిపోతుంటుంది.

మేం అయిదుగురం డ్రైవర్లం కలిసి ఒక బండి కొన్నాం. అది పోచంపాడ్‌లో డ్యామ్ పని నాటి పాత వాహనాలు వేలం వేసినప్పుడు దొరికింది. ఎప్పుడో ఏ దేశం నుంచో వచ్చిన ట్రక్కు. ఆరు చక్రాలూ లాగుతాయి, ఎంత బురదలోకైనా దిగుతుంది. దానికి క్లచ్ లేదు. గేరు దానంతట అదే మారుతుంది. ఇంజన్ మాత్రం బిగుసుకుపోయి ఉంది. పాడైపోయిన ఒక క్రేన్ నుంచి, పాతదానికి రెట్టింపు బలమున్న డీజిల్ ఇంజన్ ఒకటి సంపాదించాం. రెండింటినీ ట్రాక్టర్‌కు కట్టి ఉస్తాద్ షెడ్డుకు లాక్కొచ్చాం.

ఆయన ట్రక్కు చుట్టూ ఒకసారి తిరిగి, కిందికి వంగి చూసి లేచాడు.

"ఇంజన్ ఎక్కిస్త. మరి గేర్‌బాక్స్?"

"గది మంచిగనే ఉన్నది ఉస్తాద్," అన్నాను.

"పాత ఇంజన్‌కు మంచిగున్నది. దీనికి ఉండది. పది మంది మోసే బరువు అయిదుగురి నెత్తిన పెడితే దాన్నేమంటవు తమ్మీ?"

"దోపిడీ అంట."

"అగో! మరి నువ్వు చేస్తున్నది గదే. గేర్‌బాక్స్‌ను దోపిడీ చేస్తున్నవ్, లీడర్ సాబ్."

షెడ్డులో పనివాళ్లిద్దరూ నవ్వారు. నా నలుగురు దోస్తులూ నవ్వారు. ఆ రోజు నుంచి ఆయనకు నేను లీడర్‌నే. నాకు మాత్రం ఒళ్లు మండింది. పొలాల్లో చెరుకు ఎండుతుంటే ఈయన కథలు చెబుతున్నాడని, పని పెంచుకోవడానికి మెకానిక్‌లు చెప్పే మాటలివన్నీ అని గట్టిగానే అరిచాను. ఆయన చేతులకు అంటిన గ్రీజును ఊకతో రుద్దుకుంటూ నా అరుపు అయ్యేదాకా ఆగాడు. "సరే తియ్యి. మీ బండి, మీ ఇష్టం. కాలినంక రాండ్రి, చాయ్ తాపుత," అన్నాడు.

ఇంజన్ ఎక్కించాడు. మూడో రోజు, బురదలో దిగబడ్డ ట్రాక్టర్‌ను గుంజుతుంటే ఇంజన్ గర్జించింది గానీ చక్రాలు తిరగలేదు. కింది నుంచి మాడిన వాసన వచ్చింది. మళ్లీ ట్రాక్టర్‌కు కట్టుకుని షెడ్డుకు పోయాం. ఆయన మమ్మల్ని ఓసారి లెక్కపెట్టాడు. పనివాణ్ని పిలిచి, "ఆరు చాయ్," అన్నాడు.

ఆయన పనితీరు ఎరగనివాళ్ల కోసం రాస్తున్నాను. ఉస్తాద్ ఓనర్ ఎదుట గేర్‌బాక్స్ విప్పేవాడు కాదు. ఓనర్ ఎంత పెద్దవాడైనా సరే, "మీ డ్రైవర్‌ను తోలియ్యి" అనేవాడు. ఆ బండి నడిపే మనిషి వచ్చి ఎదురుగా కూర్చుంటేనే మొదటి బోల్టు తిప్పేవాడు. డ్రైవర్ కోసం షెడ్డులో ఒక పాత లారీ సీటు వేసి ఉండేది. దాని మీద కూర్చోబెట్టి, వైద్యుడు రోగిని అడిగినట్టు అడిగేవాడు. ఏ గేరులో మొరాయిస్తది? చల్లగున్నప్పుడా, వేడెక్కినంకనా? ఎత్తు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? ఆ తర్వాత లోపలి నూనెను ఒక తెల్ల పింగాణీ గిన్నెలోకి వంచి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది, వాసన చూసేవాడు. విప్పిన ప్రతి ముక్కనూ విప్పిన వరుసలోనే గోనెపట్ట మీద పేర్చేవాడు. మధ్యాహ్నానికి ఆ పట్ట ముగ్గేసిన వాకిలిలా ఉండేది. దాని మీదుగా ఎవడైనా దాటి నడిచాడా, వాడి పని అంతే.

ఈ క్లచ్ లేని గేర్‌బాక్సులు ఆయనకు కొత్త కాదు. పడుచుతనంలో పోచంపాడ్ వర్క్‌షాపులో, డ్యామ్ కడుతున్న రోజుల్లో ఫిట్టర్‌గా పనిచేశాడు. పుస్తకం చూసి నేర్చింది కాదు, చేతితో నేర్చింది. ఆ బండి ఎలా నడుస్తుందో మా అయిదుగురికీ ఆయన చెప్పిన తీరు నాకింకా చెవిలో ఉంది.

"ఒక ఫ్యాన్ ముంగట ఇంకో ఫ్యాన్ పెట్టు. ఒక్కదానికే కరెంట్ ఇయ్యి. దాని గాలికి రెండోది గూడ తిరుగుతది గదా? దీనిల గాలి బదులు నూనె. ఇంజన్ ఒక రెక్కను తిప్పుతది, నూనె రెండో రెక్కను తిప్పుతది. వెనక ప్లేట్లున్నయ్. నూనె ఒత్తిడికి అవి ఒకదాన్నొకటి పట్టుకుంటయ్. ఎంత గట్టిగ పట్టుకుంటే గంత బరువు గుంజుతది. పట్టు జారితే రాసుకుంటయ్, రాసుకుంటే కాలుతయ్."

"మరి ఇంజన్ బలం?"

"ఇంజన్ గుంజుతది లీడర్. గేర్‌బాక్స్ ఓరుస్తది. గుంజెటోన్ని అందరు చూస్తరు. ఓర్చెటోన్ని ఎవ్వడు అడగడు."

ఇలాంటి మాట నేను చదివిన ఏ కరపత్రంలోనూ లేదు. అప్పుడు మాత్రం అది నాకు గేర్‌బాక్స్ గురించి చెప్పిన మాటగానే వినిపించింది.

బలమైన ఇంజన్‌కు ఓర్చేలా ఆ పెట్టెను తయారు చేయడానికి ఆయన చేసినవి ముఖ్యంగా మూడు పనులు. ప్లేట్లుండే డ్రమ్ములో చివర ఒక మందపాటి ఇనుప బిళ్ల ఉంటుంది. దాన్ని లేత్ మీద సన్నం చేయించి, ఆ చోటులో ఇంకో జత ప్లేట్లు ఎక్కించాడు. ఆ ప్లేట్ల కోసం సికింద్రాబాద్ పాత ఇనుము బజారులో రెండు రోజులు తిరిగాడు. ఇక, నూనె ఒత్తిడిని అదుపు చేసే స్ప్రింగు వెనక సన్నటి వాషర్లు వేసి ఒత్తిడి పెంచాడు. మూడోది, వేడెక్కిన నూనె చల్లబడేందుకు ఒక పాత ట్రాక్టర్ రేడియేటర్‌ను ముందు బిగించి, రాగి గొట్టాలతో కలిపాడు.

వాషర్లు ఒక్కొక్కటే వేసి, బండి నడిపి చూసి, మళ్లీ విప్పి ఇంకొకటి వేసేవాడు. నాకు ఓపిక చచ్చిపోయేది.

"నాలుగు ఒక్కపారే వెయ్యరాదు ఉస్తాద్? పొలంల చెరుకు ఉన్నది."

"ఎక్కువ ఒత్తిడి పెడితే పట్టుడు గాదు, తన్నుడైతది. తంతే పండ్లు ఇరుగుతయ్." నన్ను పైనుంచి కింది దాకా ఓసారి చూశాడు. "నీకు గూడ ఒక వాషర్ తియ్యాలె."

నా ముఖం చూసి అందరూ మళ్లీ నవ్వారు. ఈసారి నాకూ నవ్వు వచ్చింది.

అంతా బిగించాక ఒక జాగ్రత్త చెప్పాడు. మన దగ్గర లారీ డ్రైవర్లందరికీ ఒక అలవాటుంది. దిగుడు రాగానే న్యూట్రల్ కొట్టి బండిని వదిలేస్తాం. బరువు మీద అదే జారుకుంటూ పోతుంది, డీజిల్ మిగులుతుంది. కింద చదును రాగానే మళ్లీ గేరు వేస్తాం. మామూలు బండిలో పది మందికి తొమ్మండుగురు చేసే పనే. "దీనిల మాత్రం చెయ్యద్దు," అన్నాడు. "ఉరికే బండిని న్యూట్రల్‌ల కెళ్లి గేరుల ఏసి రేస్ ఇస్తే, ఆగి ఉన్న ప్లేట్లకు బండి బరువంత ఒక్క దెబ్బల తాకుతది. ఒకపారి, రెండుపార్లు ఓరుస్తది. మీకు చెయ్యి ఊకుండది, నాకెర్క. లివర్‌కు చిన్న గొళ్లెం పెడ్త. అది ఎత్తితే గాని న్యూట్రల్ పడది."

నాకు మళ్లీ పౌరుషం వచ్చింది. "మేం ఎడ్లం గాదు ఉస్తాద్, ముకుతాడు ఎయ్యడానికి. చెప్తే ఇంటం," అన్నాను.

ఆయన గొళ్లెం తయారు చేసే పట్టీ ఇనుమును తీసి పక్కన పెట్టేశాడు. "మంచిది. ఇన్నట్టే ఉండు మరి."

పన్నెండు రోజులు ఆ బండి చేసిన పని చూడాలి మీరు. మోకాలి లోతు బురదలోకి దిగి, చెరుకు నింపుకొని, ఇంకో నిండు ట్రాలీని వెనక కట్టుకుని బయటికి వచ్చేది. మంజీర ఒడ్డున ఒక ముసలి కౌలు రైతు, బండి మడి గట్టు ఎక్కిన ప్రతిసారీ చెప్పులు విడిచేవాడు. వద్దు బాపూ అంటే, "గా మిషన్‌కు గాదురా, దాన్ని చేసిన చేతులకు," అనేవాడు. రైతులు తలా ఒక డబ్బా డీజిల్ తెచ్చి పోసేవారు. తమ మోటార్ల కోసం దాచుకున్నది. అది పోసేటప్పుడు డబ్బా అడుగు దాకా నేనే వంచేవాణ్ని. ఒక్క చుక్క కూడా వృథా కానివ్వద్దు అనుకునేవాణ్ని.

ఆ ఊరి నుంచి రోడ్డుకు రావాలంటే మధ్యలో వాగు మీద చిన్న వంతెన. అటు దిగుడు, ఇటు ఎక్కుడు. మొదటి రోజు గేరులోనే దిగాను. రెండో రోజు చెయ్యి దానంతటదే లివర్ మీదికి పోయింది. న్యూట్రల్ కొట్టాను. బండి హాయిగా జారింది. వంతెన దాటగానే గేరు వేసి రేస్ ఇచ్చాను. ఒక కుదుపు వచ్చింది, అంతే, ఎక్కేసింది. ఏమీ కాలేదు కదా అనుకున్నాను. ఉస్తాద్‌ది అతి జాగ్రత్త అనుకున్నాను. ఆ రోజు మిగిలిన డీజిల్ చూసుకుని ఎంత సంతోషపడ్డానో. తక్కిన నలుగురికి చెప్పలేదు. వాళ్లు నడిపినప్పుడు గేరులోనే దిగారు. నేను నడిపినప్పుడు మాత్రం ట్రిప్పు ట్రిప్పుకూ న్యూట్రలే.

పన్నెండో రోజు వంతెన దాటి గేరు వేయగానే లోపల టక్కుమంది. బండి ఎక్కుడు మొదట్లోనే నిలిచిపోయింది. వెనక ట్రాలీలో ఆ ముసలి రైతు చెరుకు ఉంది. పొలంలో ఇంకా మూడు ట్రిప్పుల చెరుకు నరికి పడి ఉంది. పర్మిట్ ఇంకో నాలుగు రోజులే. ఆయన గట్టు మీద నుంచి పరుగెత్తుకొచ్చి, "ఏమాయె కొడుకా?" అన్నాడు. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నాకు అప్పుడే తెలుసా, తెలియదా? ఇన్నేళ్లలో ఈ ప్రశ్న చాలాసార్లు వేసుకున్నాను. తెలుసు. చేతికి తెలుసు. ఆ కుదుపు నా అరచేతిలో ఇంకా ఉండగానే నా నోరు, "గేర్‌బాక్స్ పని సరిగ చెయ్యలే బాపూ," అన్నది. ఒకసారి అన్నాక దాన్ని నిజం చెయ్యాలి కదా. నిజామాబాద్ చేరేలోపు నా బుర్రలో కథ తయారైంది. మా బండి వల్ల ఎవరికి నష్టం? కాంట్రాక్టర్లకు. సీజన్ మధ్యలో అది ఆగితే ఎవరికి లాభం? కాంట్రాక్టర్లకు. మరి దాన్ని విప్పి బిగించింది ఎవరు? ఇంతే నా తర్కం. చదివిన కరపత్రాలన్నీ ఆ పూట నాకు ఇలాంటి వాక్యాలే అందించాయి. తప్పు వాటిది కాదు, నాకు కావలసింది మాత్రమే ఏరుకున్నాను.

మధ్యాహ్నానికల్లా కరపత్రం రాసి సైక్లోస్టైల్ కాపీలు తీయించాను. రిక్షాకు మైకు కట్టించి లారీ అడ్డాలో నేనే చదివాను. ఒక కాపీ తీసుకుపోయి ఉస్తాద్ షెడ్డు షట్టర్ మీద అంటించాను. ఆయన లోపలే ఉన్నాడు. చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి షట్టర్ ముందు నిలబడ్డాడు. చదువు పెద్దగా రాదు, ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. ఒక పేజీ చదవడానికి చాయ్ చల్లారేంత సేపు పట్టింది. పనివాడు ఒకడు దాన్ని చింపబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనియ్యిరా. కష్టపడి రాసిండు." నా వైపు తిరిగాడు. "బండి యాడున్నది?"

"వాగు కాడ."

"గుంజుకరాండ్రి. చెరుకు ఎండుతది."

సాయంత్రానికి లాక్కొచ్చాం. మర్నాడు పొద్దున్నే విప్పడం మొదలుపెట్టాడు. నా దోస్తులు నలుగురినీ, చూద్దామని వచ్చిన డ్రైవర్లనూ బయట నిలబెట్టాడు. "నిన్న నడిపినోడు ఎవడు?" అన్నాడు. నేను వెళ్లి ఆ లారీ సీటు మీద కూర్చున్నాను. ఆయన ఏమీ అడగలేదు. నూనె చూశాడు, వాసన చూశాడు. ప్లేట్లు ఒక్కొక్కటే తీసి గోనెపట్ట మీద పేర్చాడు. అన్నీ పేర్చాక ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు.

"జారి కాలితే ప్లేటంత ఒక్క తీరుగ నల్లగైతది. గిది సూడు. మొకం మంచిగనే ఉన్నది. అంచు పండ్లు కొట్టుకపోయినయ్. గిది జారుడు గాదు, దెబ్బ." గొంతు తగ్గించాడు. "దినాం కొట్టినవా?"

తల ఊపాను.

"డీజిల్ మిగిలిందా?"

"రోజుకు రెండు లీటర్లు."

"రైతులదా?"

"ఆ..."

ఆయన గోనెపట్ట మీద ఒక ప్లేటును వరుసలోకి సర్దాడు. "మంచికే చేసినవ్. తప్పు చేసినవ్. రెండు మాటలు గూడ యాదికుంచుకో. ఒక్కటే యాదికుంచుకునేటోళ్లతోని మస్తు పరేషాన్."

బయటి నుంచి ఎవరో కేకేశారు. "ఏమైంది ఉస్తాద్? ఏం తప్పు దొరికింది?"

ఆ క్షణాన ఆయన షెడ్డు గడప దాటి ఒక్క మాట అంటే అయిపోయేది. ఇరవై మంది డ్రైవర్లున్నారు, అందరి చేతుల్లోనూ నేను పంచిన కాగితం ఉంది. ఆయన నా ముఖంలోకి చూశాడు. నేను నా చేతిలో ప్లేటు వైపు చూశాను.

"ప్లేట్లు పోయినయ్," అన్నాడాయన. "మళ్ల ఏస్తున్న. ఎల్లుండికి బండి ఇస్త."

అంతే. ఆయన అబద్ధం చెప్పలేదు. నిజం చెప్పాల్సింది నేను, నాకు వదిలేశాడు.

సికింద్రాబాద్ నుంచి తెచ్చిన ప్లేట్లలో ఇంకొన్ని మిగిలి ఉన్నాయి. పండ్లు విరిగిన డ్రమ్మును వెల్డింగ్ పెట్టించి, ఆకురాయితో ఒక్కొక్క గాడి తానే గీశాడు. మూడో రోజు పొద్దున బండి ఇచ్చాడు. లివర్ పక్కన చిన్న గొళ్లెం ఉంది. ఈసారి నన్ను అడగలేదు, నేనూ వద్దనలేదు. ముసలి రైతు చెరుకు పర్మిట్ ఆఖరి రోజున యార్డుకు చేరింది. తూకం కొంత తగ్గింది గానీ చేరింది. ఆయన ఉస్తాద్‌కు చెప్పమని దండాలు పంపాడు. నేను వాటిని చేర్చలేదు. చేర్చాలంటే ఆ షెడ్డుకు వెళ్లాలి.

తర్వాత వెళ్లాను, చాలాసార్లు. ఆయన ఎప్పటిలాగే, "దా లీడర్," అనేవాడు. తన కప్పులో చాయ్ సగం సాసర్‌లోకి వంపి నాకు ఇచ్చేవాడు. ఎదుటి మనిషికి వంచనిదే ఆయన చాయ్ తాగడం నేను చూడలేదు. పేపరు చేతికిచ్చి, "ఏమంటున్నరు మీవోళ్లు?" అని అడిగేవాడు. నేను చదువుతుంటే కళ్లు మూసుకుని వినేవాడు, కోపం వచ్చే వార్త దగ్గర నా గొంతు పెరిగితే నవ్వేవాడు. కరపత్రం మాట ఎన్నడూ ఎత్తలేదు. షట్టర్ మీద అది ఎండకు పండి, వానకు నాని, ముక్కలుగా రాలిపోయేదాకా అలాగే ఉంది. ఆ ఏడంతా కొందరు డ్రైవర్లు ఆయన షెడ్డుకు పోవడం మానేశారని నాకు తెలుసు. నా ముందే అనేవాళ్లు, "నువ్వు చెప్పినవని ఆర్మూర్ మిస్త్రీ కాడికి పోతున్నం అన్నా," అని. నేను మంచిదనలేదు, చెడ్డదనలేదు. ఆయనకు ఏమీ అనిపించి ఉండదని, ఆయనది పెద్ద మనసని నాకు నేను చెప్పుకున్నాను. అవతలివాళ్లది పెద్ద మనసు అనుకోవడం ఎంత సులువో.

దినాలు అయిపోయాక ఒక పేజీ రాసుకుని వాళ్లింటికి వెళ్లాను. పట్టణంలో పాత వాడ, ఇరుకు సందు. వాడంతా బీడీలు చుట్టే ఇళ్లు. అవ్వ, అంటే ఆయన భార్య, గోడకు ఆనుకుని ఒడిలో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. పని మానలేదు. నన్ను చూసి, "నువ్వేనా లీడర్‌వి?" అంది.

"అవునవ్వా. ఒక కాగితం రాసిన. అచ్చేయిద్దామని. ముందుగాల నీకు సదివి ఇనిపిద్దామని వచ్చిన."

"సదువు."

చదివాను. బండిని పాడు చేసింది నేనేనని, న్యూట్రల్ సంగతి, ఆయన నోరు విప్పకపోవడం, నేను దాక్కోవడం. గదిలో మా ఇద్దరికే వినపడేలా చదివాను. ఆమె కత్తెర ఆగలేదు. అయిపోయాక అడిగింది.

"గప్పుడే ఎందుకు చెప్పలే?"

"సిగ్గయింది అవ్వా."

"ఆయినకు గాలేదా సిగ్గు? షట్టర్ మీద అంటిస్తివి." ఆకు తిప్పి కత్తిరించింది. "బీడీలు అప్పజెప్ప పోతే ఆడోళ్లు అడిగిండ్రు నన్ను. మీ ఆయిన కాంట్రాక్టర్ల పైసలు తిన్నడంట గదా అని. ఎన్ని దినాలు ఇన్ననో. ఒకనాడు నేను గూడ అడిగిన ఆయిన్ని. అన్నం తింటున్నడు. నిజంగ తిన్నవా, చెప్పు అన్న."

"ఏమన్నడు?"

"ఏమనలే. చెయ్యి కడుక్కొని లేసిపోయిండు. నేను గూడ అడిగితినే..." ఇక్కడ కత్తెర ఆగింది. "నువ్వు గప్పుడే చెప్తే నేను అడగకపోదును."

ఆయన ఎన్నడూ చెప్పని మాట ఇది. నా కరపత్రం ఆ మనిషి కంచం దాకా వెళ్లిందని నాకు ఆ రోజు దాకా తెలియదు. క్షమించమని అడగాలనుకుని వెళ్లాను. కాగితం మడుచుకున్నాను. అడిగే హక్కు కూడా లేదనిపించింది.

అవ్వ చాట పక్కన పెట్టింది. లేచి వచ్చి తలుపు బార్లా తెరిచింది.

"బయటికి పో. గా మెట్టు మీద నిలవడి ఇంకోపారి సదువు. గొంతు పెంచు. గప్పుడు మైకుల గట్టిగనే సదివినవంట గదా."

వెళ్లి మెట్టు మీద నిలబడ్డాను. సందుకు రెండు పక్కలా అరుగుల మీద ఆడవాళ్లు, ఒళ్లో చాటలతో. టకటకమని కత్తెరలు, చుట్టే వేళ్లు, మధ్యమధ్య నవ్వులు. ఎవరూ నన్ను పట్టించుకోలేదు. కాగితం పైకెత్తి మొదటి వాక్యం చదివాను. పక్క ఇంటి అరుగు మీద కత్తెర ఆగింది. ఉస్తాద్ అన్న మాట దగ్గర ఎదుటి ఇంట్లో ఇంకొకటి. ఆ తర్వాత సందు చివరి దాకా ఒకటొకటిగా. దారం వేలికి చుట్టుకుని ఉన్నవాళ్లు అలాగే ఉండిపోయారు. వెనక గడపలో అవ్వ నిలబడి ఉంది, చూడకపోయినా తెలుస్తోంది. చివరి మాట చదివి కాగితం దించాను. చాటల్లో సగం చుట్టిన బీడీలు మెల్లగా విచ్చుకుంటున్నాయి. కత్తెరలు మళ్లీ మొదలుకాలేదు.